నెలపొడుపుకు ముందు వేయాల్సిన గాజులు

2002 మే 14, మంగళవారం, సాయంత్రం. కుప్పం, మా చెల్లెలి ఇంటి మిద్దె. ఉన్నవాళ్ళు: నేను, నా భార్య, మా చెల్లెలు, ఆమె భర్త, పక్కింటామె, కింది వాటాలో అద్దెకుండే కాలేజీ లెక్చరరు. ఆకాశంలో మబ్బు లేదు. పడమట నెలవంక, దాని పైన శుక్రుడు.

ఆనాటి డైరీ పేజీలో ఇంతవరకే రాశాను. రోజూ పడుకునే ముందు పేజీ నింపే అలవాటు ఉన్నవాణ్ణి. ఆ పూట మాత్రం చెయ్యి ముందుకు సాగలేదు. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

నా ఉద్యోగమంతా భూమి కొలతల్లోనే గడిచింది. సర్వేయరుగా పెద్దమండ్యం నుంచి పుంగనూరు దాకా చేల గట్ల మీద తిరిగాను. గట్టు నాదంటే నాదని ఇద్దరు కొట్లాడుతుంటే మధ్యలో నిలబడి కొలత గొలుసు పరిచి, హద్దు రాయి ఇక్కడ పడాలని చెప్పడం నా పని. చెప్పాక ఇంకో మాటకు చోటుండేది కాదు. ఆ పద్ధతి ఆఫీసులో వదిలేసి రాలేకపోయాను, ఇంటికీ తెచ్చుకున్నాను. ఎవరేం చెప్పినా ఆధారమేమిటని అడిగేవాణ్ణి. వాళ్ళు చెప్పలేకపోతే నవ్వేవాణ్ణి.

పెన్షన్ మొదలయ్యాక బెంగుళూరులో ఒక బైనాక్యులర్ కొన్నాను. పాత సామాను వేలంలో దొరికిన మూడు కాళ్ళ సర్వే స్టాండు మీద దాన్ని బిగించి, మదనపల్లెలో మా మిద్దె మీద పడమరకు తిప్పి పెట్టాను. ఆ ఏడాది వేసవిలో కంటికి కనిపించే ఐదు గ్రహాలూ పొద్దుగూకగానే ఒకే వైపు వరుసగా కనిపిస్తాయని పేపర్లో చదివాను. ఒక నెలపొడుపు నుంచి మరో నెలపొడుపు దాకా ప్రతి సాయంత్రం చూసి రాసుకోవాలని నిర్ణయించుకున్నాను.

ఆ ఏడు ఉగాది ఏప్రిల్ పదమూడున వచ్చింది. మా వైపు ఉగాది మరునాడు నెలపొడుపు చూసి, చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ కాళ్ళకు మొక్కుతారు. ఆ సాయంత్రం వీధిలో అందరూ మిద్దెలెక్కారు. హార్స్‌లీ కొండల వైపు ఎర్రదనం ఇంకా పోలేదు. అందులో గోరు కత్తిరించి పారేసినంత సన్నగా చంద్రుడు, దగ్గర్లోనే శుక్రుడు. నా బైనాక్యులర్ ముందు వరుస కట్టారు. చంద్రుడిలో వెలుగు పడని భాగం కూడా బూడిద రంగులో గుండ్రంగా కనిపిస్తుంటే, ఎదురింటి ముసలాయన కన్ను తియ్యకుండా, "నిండు సందమామను గుడ్డలో సుట్టి పెట్టినట్టుండాది కదప్పా" అన్నాడు. అది భూమి నుంచి తిరిగి పడే వెలుగని వివరించాను. వివరించడం నాకు ఇష్టం. ఆ నెలంతా వివరిస్తూనే ఉన్నాను.

తర్వాతి రోజుల్లో చంద్రుడు ఒక్కో సాయంత్రానికి ఒక్కో మెట్టు పైకెక్కాడు. అంగారకుడిని దాటాడు, శనిని దాటాడు, ఇంకా పైనున్న గురుడి దగ్గరికి చేరాడు. గురుడి పక్కన ఆవగింజల్లాంటి చుక్కలు కనిపించేవి. అవి దాని చంద్రుళ్ళని చెబితే పిల్లలు నమ్మేవాళ్ళు, పెద్దలు నా ముఖం చూసి తలూపేవాళ్ళు. అష్టమి నాటికి చంద్రుడిలోని గుంతల అంచులు నీడలతో తేలి, కరువు కాలంలో ఎండిన చెరువు అడుగులా కనిపించాయి. పున్నమి నాడు తూర్పున చిత్తా నక్షత్రం పక్కన నిండు చంద్రుడు లేచాడు. చైత్రానికి ఆ పేరెందుకు వచ్చిందో మిద్దె మీదున్న వాళ్ళందరికీ చూపించి చెప్పాను. అదే వారం శుక్రుడు పిల్లలకోడి అనే కృత్తికల గుంపు పక్కనుంచి పోయాడు. ఏప్రిల్ చివర్లో కొండ అంచుకు కాస్త పైన బుధుడు కూడా చిక్కాడు. ఉద్యోగంలో ఉండగా అన్నేళ్ళలో ఒక్కసారి కూడా చూడని గ్రహం అది. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు, అంత సంతోషం.

ఆ సంతోషంలో ఉండగానే గాజుల మాట పుట్టింది.

ఎవరు పుట్టించారో తెలియదు. మదనపల్లెలో కదిరి వైపు నుంచి వచ్చిందన్నారు, పుంగనూరులో ముళబాగిలు వైపు నుంచి అన్నారు, కుప్పంలో కృష్ణగిరి నుంచి వచ్చిందన్నారు. మాట మాత్రం అన్ని చోట్లా ఒకటే. గ్రహాలన్నీ ఒకచోట చేరుతున్నాయి, వచ్చే నెలపొడుపు నాడు చంద్రుడు కూడా వాటిలో కలుస్తాడు, ఆ లోపల అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళకు పచ్చ గాజులు వేయించాలి, లేకపోతే కీడు. వారం తిరిగేసరికి బజారులో పచ్చ గాజులు దొరకడం కష్టమైంది. బెంగుళూరులో పనిచేసే మగపిల్లలు సెలవు పెట్టి వచ్చి అక్కల చేతులకు గాజులు వేయించి పోయారు. నా భార్య కూడా పుంగనూరు వెళ్ళి తమ్ముడి చేత వేయించుకుని వచ్చింది.

మిద్దె మీదికి ఆమె టీ తెచ్చినప్పుడు గాజులు చూసి, "శని గ్రహానికి ఉంగరాలుంటే నీకు గాజులా?" అన్నాను. పక్కనున్న వాళ్ళు నవ్వారు.

"మీకు సుక్కలుండాయి, నాకు తమ్ముడుండాడు. ఎవురిది వాళ్ళు సూసుకుందాం," అని ఆమె గ్లాసు నా చేతిలో పెట్టి దిగిపోయింది.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం చెల్లెలు ఫోన్ చేసింది. నాకున్న తోడబుట్టినది ఆమె ఒక్కతే. మా అమ్మానాన్నలు కూలి పనులు చేసి నన్ను చదివించారు, ఆమెను చదివించలేదు. ఆమె భర్తది కుప్పంలో చిల్లరంగడి. ఇంట్లో ఫోన్ లేదు, ఎప్పుడు చేసినా బూత్ నుంచే.

ఆరోగ్యం, ఎండలు, వదిన మోకాళ్ళ నొప్పి అన్నీ అయ్యాక అడిగింది. "అన్నా, ఈడ అందరూ గాజులు ఏయించుకుంటాండారు. నెలపొడుపు లోపల అంట. నువ్వేమన్నా..."

ఆమెను మాట పూర్తి చెయ్యనివ్వలేదు. ముందు గట్టిగా నవ్వాను. తర్వాత మొదలుపెట్టాను. అవి ఒకచోట చేరడం లేదమ్మా, మన కంటికి అట్లా కనిపిస్తాయంతే. శుక్రుడెక్కడ, గురుడెక్కడ, మధ్యలో ఎన్ని కోట్ల మైళ్ళు. రైలు పట్టాల పక్కన నిలబడితే దూరంగా స్తంభాలన్నీ దగ్గర దగ్గరగా కనిపించవా, అట్లాగే ఇదీ. గురుడికి నీ గాజులతో ఏం పని?

"మీటరు తిరుగుతాండాది అన్నా, వెనకాల మనుషులు నిలబడుకోనుండారు," అంది రెండుసార్లు. నేను అంగారకుడి దాకా వచ్చాక గానీ వదల్లేదు.

ఆ సాయంత్రమే మిద్దె మీద దాన్ని వేడుకగా చెప్పాను. మా చెల్లెలు కూడా అడిగిందప్పా అంటూ, ఆమె గొంతు పెట్టి, "నెలపొడుపు లోపల అంట" అని అనుకరించాను. నవ్వు బాగానే వచ్చింది. ఎదురింటి ముసలాయన మాత్రం నవ్వలేదు. "ఏయిస్తివా మరి?" అని అడిగాడు. ఎందుకు వేయిస్తానన్నాను. ఆయన బైనాక్యులర్‌లో చూడకుండానే దిగిపోయాడు. మోకాళ్ళ నొప్పేమో అనుకున్నాను.

మే మొదటి వారంలో శుక్రుడు, అంగారకుడు, శని కలిసి ఒక త్రిభుజం కట్టారు. మూడు భుజాలూ ఇంచుమించు సమానం. సర్వేయరు కంటికి అంతకంటే ఇంపైన దృశ్యం ఇంకేముంటుంది? చంద్రుడు అప్పటికి తెల్లవారుజాముకు మారాడు. సాయంత్రాలు చీకటిగా ఉండేవి, కరెంటు కోత కూడా కలిసొచ్చేది. రోజుకింత చొప్పున ఆ త్రిభుజం సాగి, వంగి, చెదిరిపోవడం గీసుకున్నాను. తెల్లవారుజామున నడకకు వెళ్ళేటప్పుడు తూర్పున తరిగిపోతున్న చంద్రుడిని చూసుకునేవాణ్ణి. అమావాస్య వచ్చింది. ఇంకొక్క నెలపొడుపుతో నా నెల పూర్తవుతుంది.

ఆ నెలపొడుపును కుప్పంలో చూద్దామని చెల్లెలే కబురు పంపింది. బైనాక్యులర్ తెచ్చి తమ వీధివాళ్ళకు కూడా చూపించమంది. భయపడుతున్న వాళ్ళకు ధైర్యం చెప్పే అవకాశమని నాకు తోచింది. స్టాండుకు గోనెసంచి చుట్టి, భార్యను వెంటబెట్టుకుని బస్సెక్కాను.

పుంగనూరు బస్టాండులో బస్సు కాసేపు ఆగింది. నా బామ్మర్ది పాలకోవా పొట్లంతో వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. పాల వ్యాపారం అతనిది. మాటల మనిషి.

"ఏం బావా, గన్ను తీసకపోతాండావా గ్రహాలను కాల్సేదానికి?" అన్నాడు గోనెసంచి చూసి.

"మీలాంటి వాళ్ళ భయం తీర్చడానికి," అన్నాను. "మా ఆవిడకు గాజులు వేయించావంట కదా. గండం తప్పిందా ఆమెకు?"

"అక్కకేం గండం బావా? గండం అన్నదమ్ములకు కదా. నేనేయించింది నా పానం కోసరం." అతను అక్క వైపు చూసి నవ్వాడు. "నాకు గుర్తే లేదు. అక్కే బస్సెక్కి వచ్చి, దుడ్డు తియ్యిరా, లేకుంటే పోతావు అనింది."

బస్సు కదిలింది. నేను భార్య వైపు తిరిగి, గండం అన్నదమ్ములకా అని అడిగాను.

"మరింకెవురికి?"

"నాకు చెప్పలేదే."

"మీరు యా పొద్దు అడిగినారు?"

పలమనేరు దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. బూత్‌లో నిలబడి చెల్లెలు అడిగింది ఇన్ని గాజులు కొనివ్వమని కాదు. నేను బతకాలని అడిగింది. ఆమె మాట పూర్తి చేసి ఉంటే అదే చెప్పేదేమో. పలమనేరులో బస్సు ఆగినప్పుడు ఎదురుగా గాజుల అంగడి కనిపించింది. దిగలేదు. భయం అక్కర్లేదని చెప్పబోయేవాడు సంచిలో గాజులు పెట్టుకుని పోతే ఎవరు నమ్ముతారని నాకు నేనే చెప్పుకున్నాను. భార్య కూడా ఆ అంగడిని చూసింది.

కుప్పం చేరేసరికి ఎండ తగ్గింది. చెల్లెలు గుమ్మంలోనే ఎదురొచ్చి గోనెసంచి అందుకోబోయింది. పైట కొంగు రెండు చేతుల మీదుగా కప్పుకుని ఉంది. ఆ ఉక్కలో అదేమిటో అనుకున్నాను, అంతకుమించి ఆలోచించలేదు.

పొద్దుగూకాక మిద్దె ఎక్కాం. వీధివాళ్ళు కొందరు వచ్చి చూసి పోయారు. చివరకు మిగిలింది మొదట్లో రాసిన వాళ్ళమే. నెలవంకకు కాస్త పైన శుక్రుడు, పక్కన ఎర్రటి చిన్న చుక్కలా అంగారకుడు, కింద శని, చాలా పైన గురుడు. బుధుడు అప్పటికే మసకబారి చిక్కలేదు. లెక్చరరు లెక్కలు చెప్పే కుర్రవాడు, బాగా చదువుకున్నవాడు. మా చెల్లెలు నా గురించి ఏం చెప్పిందో గానీ, ప్రతి మాటకూ సార్, సార్ అంటూ మంచి ప్రశ్నలు వేశాడు. నా ఉపన్యాసం మొదలుపెట్టడానికి ఇదే సమయమనుకుని గొంతు సవరించుకున్నాను.

పక్కింటామె బైనాక్యులర్‌లోంచి కన్ను తీసి నా వైపు తిరిగింది. నలభై దాటిన మనిషి, పెద్ద గొంతు.

"ఈయప్పేనా గాజులు పంపించినేది?" అని మా చెల్లెలిని అడిగి, జవాబు కోసం ఆగకుండా నాతోనే అంది, "మదనపల్లి నుంచి మనిషికిచ్చి పంపిస్తివంట కదన్నా. ఒగటి గూడా పగలకుండా వచ్చినాయంట. అన్నంటే అట్లుండాల. మా వీధిలో ఆడోళ్ళంతా నీ మాటే చెప్పుకుంటాండారు."

చెల్లెలి కొంగు జారింది. రెండు ముంజేతులకూ నిండుగా పచ్చ గాజులు. ఆమె నా వైపు చూడలేదు. పడమరకు తిరిగి నెలవంకను చూస్తోంది, అంతవరకూ చూడనట్టు. నా భార్య మాత్రం సూటిగా నన్నే చూస్తోంది. చెల్లెలి భర్త దగ్గి, స్టాండు కాలు బిగించడానికి వంగాడు. అది బిగించే ఉంది.

"పంపిస్తివా లేదా, సెప్పన్నా. సిగ్గుపడతాడే ఈయప్ప!" అని నవ్విందామె.

అవునంటే అబద్ధం. కాదంటే నా చెల్లెలు ఆ వీధిలో తలెత్తుకుని తిరగలేదు. నలభై ఏళ్ళ పాటు రాయి ఎక్కడ పడాలో చెప్పినవాణ్ణి.

"పంపించినానమ్మా," అన్నాను.

"మరి గ్రహాలకు భయపడాల్సిన పని లేదని సెప్పేదానికి వస్తాండాడని మీ సెల్లెలు సెప్పె?" ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. "భయం లేకుంటే గాజులు యాల పంపిస్తివి?"

లెక్చరరు కూడా నా జవాబు కోసమే చూస్తున్నాడు. ఆ అబ్బాయి ముఖంలో కాస్త అవమానం కూడా కనిపించింది, నేనేదో తనను మోసం చేసినట్టు. "సార్, మీరు కూడానా?" అన్నాడు మెల్లగా.

"చెల్లెలు అడిగింది, పంపించినాను," అన్నాను. "నాకూ కొంచెం భయమేసింది."

అందరూ నవ్వారు. పక్కింటామె అందరికంటే గట్టిగా నవ్వి, ఇంత చదివినోనికే భయమైతే మేమెంత అంది. లెక్చరరు మర్యాదకు కొంచెంసేపు నిలబడి, పేపర్లు దిద్దుకోవాలని చెప్పి దిగిపోయాడు. అతని ముందు పోయిన పరువు గురించి నేను బాధపడలేదు. అది పోవాల్సిందే. చెల్లెలు అడిగింది, పంపించినాను అన్న రెండు మాటలు ఎంత తేలిగ్గా నోట్లోంచి వచ్చాయో, అదే నన్ను కుంగదీసింది. నిజంగా చేసి ఉన్నా అంతే తేలికయ్యేది. బైనాక్యులర్ మీదికి వంగాను.

మెట్లు దిగేటప్పుడు చెల్లెలి భర్త వెనకనుంచి నా భుజం పట్టుకున్నాడు.

"బావా, నాకు తెలీదనుకుంటాండాది. అంగట్లో ఆమే కొంటాంటే నేను సూసినా. ఇంటికొచ్చి, మీ ఊరి సీరలంగడి సంచి ఒగటి ఉంటే అందులో పెట్టి అందరికీ సూపించింది. అడగద్దు. అడిగితే సిన్నబోతాది."

అడగకుండా ఉండాల్సింది. అన్నం తిన్నాక నా భార్య వాకిట్లో కూర్చుంటే, నేను నీళ్ళ నెపంతో వంటింట్లోకి వెళ్ళాను. చెల్లెలు పాలకు తోడు వేస్తోంది. దీపం కింద చూస్తే మణికట్టు దగ్గర సన్నగా కోసుకున్న గీత, ఎండిపోయి నల్లగా ఉంది. గాజులామె చేత వేయించుకుంటే పదిమంది చూస్తారు, ఎవరిచ్చారని అడుగుతారు. అందుకని తలుపేసుకుని సబ్బు రాసి తానే ఎక్కించుకున్నట్టుంది.

"పాపా, యాల అట్ల సెప్పినావు?"

"ఏం సెప్పినా?"

"గాజులు నేను పంపించినానని."

ఆమె చెంచా గిన్నె మీద పెట్టింది. "కోపమొచ్చిందా అన్నా?"

నేను గ్లాసులో నీళ్ళు ముంచుకుంటుంటే, కోపమే అనుకుని గబగబా చెప్పుకొచ్చింది.

"నువ్వు పంపించవని నాకు తెలుసు. ఆ పొద్దు ఫోన్లో నువ్వు సెప్పింది నాకు తలకెక్కలా. ఏదో దూరం, దూరం అంటివి. నాకుండేది నువ్వు ఒగనివే కదన్నా. ఊర్లో అందరి అన్నదమ్ములకూ గండం పోయి, నీకు ఒగనికే మిగిలిపోతాదేమో అనిపించె. సరే నేనే కొనుక్కుంటే లెక్కకొస్తాదో రాదో తెలీకపాయె. అన్న పంపించినాడని నలుగురితో అనిపిస్తే వస్తాదేమో అనుకుంటి." కొంచెం నవ్వింది. "పైనుండేటోళ్ళకేం తెలుస్తాది, దుడ్డు ఎవురిచ్చిరో?"

గురుడెక్కడ, శుక్రుడెక్కడ అని నేను లెక్కలు చెబుతుంటే, ఆమె వాళ్ళను నా కోసం మోసం చేయడానికి చూసింది. ఆ నెలంతా వాళ్ళ వైపు చూసినవాణ్ణి నేను. ఆమె వైపు చూడటం నాకు తోచలేదు.

"రెండు పగిలినాయా?" అని మాత్రం అడిగాను, ఆ గీత చూపించి.

"మూడు," అంది.

మరునాడు తెల్లవారకముందే మెలకువ వచ్చింది. పడుకునే ఉండి ఒక ఆలోచన చేశాను. బజారు తెరవగానే వెళ్ళి మంచి గాజులు కొని, నా చేత్తో ఆమెకు ఇవ్వాలి. లేచి చొక్కా తొడుక్కున్నాక తట్టింది. మదనపల్లె నుంచి గాజులు పంపిన అన్న, మళ్ళీ కుప్పం బజారులో గాజులు ఎందుకు కొంటున్నాడని అంగడివాడే అడుగుతాడు. సాయంత్రానికి వీధంతా అడుగుతుంది. ఆమె కట్టిన అబద్ధాన్ని నేను కూల్చకుండా ఆ గాజులు ఇచ్చే దారి లేదు. చొక్కాతోనే మంచం మీద కూర్చున్నాను.

మేము బయలుదేరే వేళకు పక్కింటామె వచ్చింది. తలస్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని ఉంది. చేతిలో కాగితం పొట్లం. నిన్నటి గొంతు లేదు.

"అన్నా, తప్పుగా అనుకోవద్దు. నాకు అన్నదమ్ములు లేరు. వీధిలో అందరి సేతులూ పచ్చగుండాయి, నావి సూడు. నెలపొడుపు నిన్ననే అయిపాయె, తెలుసు. ఒక పూట లేటయితే ఏమయితాది? గాజులు నేనే కొన్యా, దుడ్డు నాదే. నీ సేత్తో ఇచ్చినావంటే సాలు." పొట్లం నా వైపు చాపింది. "నీలాంటి అన్న ఇచ్చినాడనుకుంటా."

వద్దమ్మా, నేను అట్లాంటివాణ్ణి కాదని చెబుదామనుకున్నాను. చెల్లెలు వాకిలి పట్టుకుని నిలబడి ఉంది.

"ఇయ్యన్నా," అంది. "ఆమె పొద్దున్నే లేసి తలకు పోసుకోనొచ్చింది."

పొట్లం తీసుకుని, విప్పి, పచ్చ గాజులు రెండు చేతుల్లో పట్టుకుని ఆమెకు ఇచ్చాను. ఆమె కళ్ళకద్దుకుని, నేను ఆపేలోగా వంగి నా కాళ్ళకు మొక్కింది. వేయడం నాకు చేతకాదు కాబట్టి మా చెల్లెలే ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, బొటనవేలి కీలు నొక్కి, ఒక్కొక్కటీ ఎక్కించింది. ఒక్కటీ పగల్లేదు. ఆమె చేతులు ఆడించి చూసుకుని, ఏడుపు మొహంతో నవ్వుతూ వెళ్ళిపోయింది. నా భార్య చూడలేక సంచులు సర్దే నెపంతో లోపలికి వెళ్ళింది.

అరుగు మీద నేనూ చెల్లెలూ మిగిలాం. పొట్లం కాగితం ఇంకా నా చేతిలోనే ఉంది.

"పాపా," అన్నాను, "నీకు..."

"నాకు పంపించినావు కదన్నా," అని ఆమె కాగితం నా చేతిలోంచి తీసుకుని మడత పెట్టి, బస్సులో తినడానికి కట్టిన చిత్రాన్నం డబ్బా తేవడానికి లోపలికి వెళ్ళింది.